గండి పడే చోటు

కోనసీమలోని రావులపాలెం అరటి మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్తే కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బుషావళి గెలలు వరసలుగా పేర్చి కనిపిస్తాయి. సైకిలుకు రెండు పక్కలా గెలలు వేలాడదీసి తోసుకొచ్చే రైతులు, లారీలకెత్తే కూలీలు, ధర తెగ్గొట్టే వ్యాపారులు. ఆ సందడిలో నా కళ్లు ఎప్పుడూ ఒక వస్తువు మీద ఆగుతాయి. గెల కాడ కోసే కత్తి అది.

దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. రోజూ సాన పట్టే అంచు తెల్లగా మెరుస్తుంది. అంచుకు వేలెడు పైన నల్లటి కర. అరటి రసంలోని ఒగరు పదార్థాలు ఇనుముతో కలిస్తే పుట్టే నలుపు అది. అన్నభేది, కరక్కాయ కలిపి మన పెద్దవాళ్లు సిరా తయారు చేసుకున్నది కూడా ఈ చర్యతోనే. ఇంకా పైన, పిడి దగ్గర, ఎర్రటి తుప్పు చుక్కలు. ఒకటి కందిగింజంత, దాని పక్కన రెండు ఆవగింజలంత. వాటి మధ్య ఇనుము మాత్రం నున్నగా, శుభ్రంగా ఉంటుంది.

కత్తంతా ఒకే ఇనుము. తడిసిందీ ఒకే నీటిలో, ఆరిందీ ఒకే గాలికి. మరి తుప్పు కొన్ని చోట్లే ఎందుకు పడుతుంది?

చిన్నపిల్లలు కూడా అడగగల ప్రశ్న ఇది. దీనికి సరైన జవాబు వెతకడానికి మనుషులు వెంట్రుక కంటే సన్నని ప్లాటినం మొనతో లోహాల మీద అంగుళం అంగుళం కాదు, మైక్రాన్ మైక్రాన్ తిరగాల్సి వచ్చింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ మొన కథే ఈ అధ్యాయం.

ఉప్పునీటి చుక్క

ముందు తుప్పు అంటే ఏమిటో చూద్దాం. కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త తుప్పు మీదే జీవితమంతా గడిపాడు. ఆయన చేసిన ఒక ప్రయోగం ఇవాళ్టికీ కాలేజీల్లో చేయిస్తారు. బాగా రుద్ది శుభ్రం చేసిన ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేస్తారు. అందులో రెండు రంగు మందులు ముందే కలిపి ఉంటాయి. ఒకటి ఇనుము కరిగిన చోట నీలం రంగు చూపిస్తుంది, రెండోది క్షారం పుట్టిన చోట గులాబీ రంగు చూపిస్తుంది.

కాసేపటికి చుక్క నడిమధ్య నీలంగా మారుతుంది. చుట్టూ అంచు గులాబీ రంగు తేలుతుంది. ఆ రెండింటికీ మధ్య గోధుమరంగు తుప్పు వలయంలా పేరుకుంటుంది.

అంటే ఇనుము కరుగుతున్నది ఒక చోట, తుప్పు పేరుకుంటున్నది మరో చోట! చుక్క అంచున నీరు పల్చగా ఉంటుంది కాబట్టి గాలిలోని ఆక్సిజన్ సులువుగా అందుతుంది. నడిమధ్య నీరు లోతు, అక్కడికి ఆక్సిజన్ ఆలస్యంగా చేరుతుంది. ఆక్సిజన్ దొరకని నడిమధ్య ఇనుప పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను రేకులోనే వదిలేసి నీటిలోకి దిగిపోతాయి. వదిలిన ఎలక్ట్రాన్లు రేకు లోపలినుంచే అంచుకు ప్రయాణించి, అక్కడ కాచుకుని ఉన్న ఆక్సిజన్‌కు చేరతాయి. ఒకవైపు ఇచ్చే చోటు, ఇంకోవైపు పుచ్చుకునే చోటు. రెండింటినీ కలిపే తీగ ఇనుమే. ప్రతి తుప్పు మరకా బల్బు వెలిగించలేని ఒక బుల్లి బ్యాటరీ.

ఇప్పుడు కత్తి మీద చుక్కలు ఎందుకో కొంత అర్థమవుతుంది. ఎక్కడో ఒక గీత, ఉక్కులో కలిసిపోయిన గంధకపు మలినం రేణువు, ఆరకుండా మిగిలిన ఒక ఉప్పునీటి బిందువు ఉంటుంది. అక్కడ ఇచ్చే చోటు తెరుచుకుంటుంది. ఒకసారి గుంట పడిందంటే లోపల నీరు నిలిచిపోతుంది. ఆ నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది, ఉప్పులోని క్లోరైడు లోపలికి చేరుతుంది, నీరు ఆమ్లంగా మారుతుంది. దాంతో గుంట ఇంకా వేగంగా తవ్వుకుపోతుంది. చుట్టూ ఉన్న ఇనుము చెక్కుచెదరదు, గుంట మాత్రం లోతుకు దిగుతుంది.

గోదావరి గట్టు తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. అంత నీరు ఒత్తినా గట్టు పొడుగునా ఒకేసారి కూలదు. ఎలుక బొరియో, పాత చెట్టు వేరు కుళ్లిన కంతో ఉన్న చోట ముందు ఊట పడుతుంది. ఊట మట్టిని కోసుకుంటూ పెద్దదై గండి అవుతుంది. అందుకే వరద రోజుల్లో లాంతర్లు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరుగుతారు. వాళ్లు వెతికేది గండి కోసం కాదు, ఊట కోసం. ఊట దొరికితే నాలుగు ఇసుక బస్తాలు చాలు. గండి పడ్డాక నలభై లారీల రాళ్లు కూడా చాలవు.

సగటు చెప్పని సంగతి

2014 జూన్ 27 తెల్లవారుజామున, ఇదే కోనసీమలో, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాస్ గొట్టం పగిలింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే 18 అంగుళాల గొట్టం అది. బయటికొచ్చిన గ్యాస్ ఊరి మీద పరుచుకుని అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. విచారణలో తేలిన ముఖ్య కారణం గొట్టం లోపలి తుప్పు. పొడి గ్యాస్ వెళ్లాల్సిన గొట్టంలో తేమతో కూడిన గ్యాస్ వెళ్లింది.

తేమ అంత పని చేస్తుందా అంటే, చేస్తుంది. భూమి లోంచి వచ్చే గ్యాసులో కార్బన్ డయాక్సైడు కూడా ఉంటుంది. అది నీటిలో కరిగితే గోలీసోడా లాంటి పుల్లటి నీరవుతుంది. సోడా తాగితే మనకేమీ కాదు గానీ, గొట్టం అడుగున నెలల తరబడి నిలిచిన పుల్లటి నీరు ఉక్కును తినేస్తుంది. అదీ అన్ని చోట్లా సమంగా తినదు, చోటు ఎంచుకుని తింటుంది.

లెక్కలు మనల్ని మోసం చేసేది ఇక్కడే. మైళ్ల కొద్దీ పొడవున్న గొట్టంలో ఏడాదికి సగటున ఎంత ఉక్కు కరిగిందని లెక్కేస్తే ఏదో కాగితం మందమే రావచ్చు. ఆ సగటు చూసి ఎవరైనా ధైర్యంగా నిద్రపోవచ్చు. కానీ మనుషుల ప్రాణాలు తీసేది సగటు కాదు, ఒక్క గుంట. ప్రయోగశాలలో కూడా చాలాకాలం ఇదే ఇబ్బంది. లోహపు ముక్కను ద్రవంలో ముంచి, తీగలు తగిలించి, మీటరు చూస్తే ముక్క మొత్తం మీద జరిగే చర్య ఒక్క అంకెగా వస్తుంది. ఏ మూల ఏం జరుగుతోందో ఆ అంకె చెప్పదు.

సూక్ష్మదర్శినితో చూడకూడదా అంటారా? చూడొచ్చు. మామూలు సూక్ష్మదర్శిని గుంట ఆకారం చూపిస్తుంది. 1981లో బిన్నిగ్, రోరర్ తయారుచేసిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ ఏకంగా పరమాణువుల వరసనే చూపించింది, వాళ్లకు 1986లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. కానీ ఇవి చూపించేది రూపం. మనకు కావలసింది నడత. గట్టు ఎంత ఎత్తుందన్నది కాదు, ఎక్కడ ఊరుతోందన్నది ప్రశ్న.

మొన, పంటు

ఆ ప్రశ్నకు పనిముట్టు తయారుచేసినవాడు అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో పనిచేసిన ఆలెన్ బార్డ్. 1989లో ఆయన బృందం ఈ పద్ధతి సూత్రాలను, పేరును లోకానికి చెప్పింది. పూర్తి పేరు స్కానింగ్ ఎలక్ట్రోకెమికల్ మైక్రోస్కోప్. మనం దీన్ని చర్యాదర్శిని అందాం. రూపాన్ని కాక రసాయన చర్యను చూపించేది కాబట్టి ఆ పేరు దీనికి తగుతుంది. బార్డ్ 2024లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చర్యాదర్శినికి ప్రాణం దాని మొన. 25 మైక్రాన్ల మందం ప్లాటినం తీగ తీసుకుంటారు. మన తలవెంట్రుకలో మూడో వంతో, సగమో అంత సన్నం. దాన్ని సన్నటి గాజు గొట్టంలో దూర్చి, వేడి చేసి, గాజు కరిగి తీగను గట్టిగా పట్టుకునేలా చేస్తారు. తర్వాత పెన్సిలు చెక్కినట్టు గాజును చుట్టూ అరగదీస్తారు. చివరికి మెత్తటి అల్యూమినా పొడి మీద రుద్ది నునుపు చేస్తారు. పూర్తయిన మొనను కింది నుంచి చూస్తే గాజు బిళ్ల నడుమ మెరిసే ప్లాటినం చుక్క కనిపిస్తుంది. అడ్డంగా కోసిన పెన్సిలు మొనలో గ్రాఫైటు కనిపించినట్టు. ఈ పని చేయి తిరిగినవాళ్లకే వస్తుంది. గాజు కాస్త పక్కకు వాలినా, పగులు పట్టినా మళ్లీ మొదటికి రావాలి.

పరిశీలించాల్సిన లోహాన్ని ద్రవంలో ముంచి, ఈ మొనను పైనుంచి దించుతారు. తగలనివ్వరు. ఆ ద్రవంలో ఒక మధ్యవర్తి అణువును కలుపుతారు. ఎక్కువగా వాడేది ఫెర్రోసీన్ మిథనాల్. రెండు కార్బన్ వలయాల నడుమ ఒక ఇనుప పరమాణువు ఇరుక్కుని ఉండే అణువు ఇది. ఈ అణువు పని ఎలక్ట్రాన్ మోయడం.

ఇక్కడ కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య గోదావరి పాయ గౌతమి మీద జనాన్ని దాటిస్తూ తిరిగే పంటును తలచుకుంటే చాలు. మధ్యవర్తి అణువే పంటు, ఎలక్ట్రానే ప్రయాణికుడు. మొన ఒక రేవు. అక్కడ దిగిన ప్రయాణికులను లెక్కపెట్టే గుమాస్తా మీటరు. దిగిన ఎలక్ట్రాన్ల లెక్కనే మనం విద్యుత్తు అంటున్నాం.

మొన ఉపరితలానికి దూరంగా ఉన్నప్పుడు, నదిలో తిరిగే నిండు పంటులు ఏవో వచ్చి ఈ రేవులో జనాన్ని దింపిపోతుంటాయి. లెక్క నిలకడగా ఉంటుంది. ఆ విద్యుత్తు మూడు నాలుగు నానో ఆంపియర్లు, అంటే ఒక ఆంపియరులో సుమారు 30 కోట్లవ వంతు. ఇంత చిన్న లెక్క తప్పకుండా పట్టుకోవడంలోనే ఈ పరికరం తయారుచేసేవాళ్ల నేర్పంతా ఉంది.

ఇప్పుడు మొనను ఉపరితలానికి దగ్గర చేద్దాం. ఎదుటి ఒడ్డున చురుకైన రేవు ఉందనుకోండి, అంటే ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న లోహం. ఇక్కడ ఖాళీ అయిన పంటు అటు వెళ్లగానే నిండిపోతుంది, వెంటనే తిరిగి వస్తుంది. ఒడ్లు దగ్గరయ్యే కొద్దీ తిరుగుళ్లు పెరుగుతాయి. మొనకు, ఉపరితలానికి దూరం 12 మైక్రాన్లకు, అంటే తీగ మందంలో సగానికి వచ్చేసరికి లెక్క ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఎదుటి ఒడ్డు గాజులాంటి, రంగు పూతలాంటి మూగ ఒడ్డు అయితే? అక్కడ ఎక్కేవాళ్లే లేరు. పైగా ఆ ఒడ్డు దగ్గరకొచ్చి, పెద్ద నది నుంచి వచ్చే నిండు పంటులకు దారి ఇరుకు చేస్తుంది. అదే 12 మైక్రాన్ల దూరంలో లెక్క సుమారు సగానికి పడిపోతుంది.

ఈ ఒక్క తేడా చాలు. మొనను అదే ఎత్తులో ఉంచి, పొలంలో నాగలి సాళ్లు తీసినట్టు వరస తర్వాత వరస తిప్పుతారు. ప్రతి చోటా లెక్క రాసుకుంటూ పోతే ఉపరితలం మొత్తానికీ ఒక పటం వస్తుంది. లెక్క పెరిగిన చోట చురుకు, తగ్గిన చోట మూగ. లోహం మీద రక్షణపూత చెక్కుచెదరకుండా ఉంటే పటమంతా ఒకే రంగులో మసకగా ఉంటుంది. పూతలో సూదిమొనంత చిల్లు ఉన్నా అక్కడ చుక్క మెరుస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మధ్యవర్తిని కలపకుండా, ఉపరితలం తానుగా వదిలేవాటిని, కరిగిన ఇనుమునో, హైడ్రోజన్‌నో మొన నిశ్శబ్దంగా పట్టి లెక్కపెడుతుంది. ఎవాన్స్ రంగు మందులతో చుక్క మొత్తం మీద చూసినదాన్ని ఇది ఒక్కో చోటా అంకెల్లో చెబుతుంది.

గుంట పడకముందే

చర్యాదర్శిని చేసిన పనుల్లో నా మనసుకు బాగా పట్టింది 1993 నాటిది. అమెరికాలో హెన్రీ వైట్, విలియం స్మిర్ల్, వాళ్ల తోటివాళ్లు టైటానియం మీద పనిచేశారు. టైటానియం తుప్పుకు లొంగదని పేరున్న లోహం. గాలి తగలగానే దాని మీద ఆక్సైడు పొర ఏర్పడి కవచంలా కాపాడుతుంది. అయినా బ్రోమైడు ఉప్పు కలిసిన ద్రవంలో, తగినంత విద్యుత్ ఒత్తిడి పెడితే దాని మీద కూడా గుంటలు పడతాయి. ఎక్కడ పడతాయో ముందే చెప్పగలమా అన్నది వాళ్ల ప్రశ్న.

గుంటలు పడేంత ఒత్తిడి పెట్టకముందే మొనతో ఉపరితలమంతా తిరిగారు. చూపుకు ఎక్కడా తేడా లేదు, అంతా నున్నగా ఉంది. మొన మాత్రం కొన్ని చిన్న చోట్లను పట్టుకుంది. అక్కడ బ్రోమైడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని బ్రోమిన్‌గా మారుతోంది. అంటే కవచం అక్కడ బలహీనంగా ఉంది, ఎలక్ట్రాన్లు దూరిపోతున్నాయి. ఆ చోట్లు గుర్తుపెట్టుకుని ఒత్తిడి పెంచారు. సరిగ్గా అక్కడే గుంటలు పడ్డాయి.

గట్టు కాపలావాడు లాంతరు వెలుగులో ఊటను పట్టుకోవడమంటే ఇదే. గండి పడ్డాక కారణాలు రాసే శాస్త్రం మనకు ఎప్పటినుంచో ఉంది. పడబోయే చోటును పడకముందే వేలుపెట్టి చూపించగలగడం అంతకంటే ఎన్నో రెట్లు విలువైన పని అని నేను నమ్ముతాను.

ఇప్పుడు ఈ పద్ధతితో తుప్పు నిరోధక మందులు, తమ చిల్లు తామే పూడ్చుకునే పూతలు, బ్యాటరీల, ఇంధన ఘటాల పలకలు పరీక్షిస్తున్నారు. ఒక మందు ఉపరితలం మొత్తాన్ని కాపాడుతోందా, లేక నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కాపాడి ఒక్క చోటును వదిలేస్తోందా అన్నది పటంలో కనిపిస్తుంది. ఆ వదిలేసిన ఒక్క పాలే కదా అసలు ప్రమాదం.

ఆకు ఊపిరి

ఉపరితలం అంటే లోహమే కానక్కర్లేదు. 1990లోనే బార్డ్ బృందం చర్యాదర్శినిని ఆకుల మీదికి తెచ్చింది. నీటిలో పెరిగే ఎలోడియా అనే మొక్క ఆకుకు దగ్గరగా మొన పెట్టి, వెలుతురులో అది వదిలే ఆక్సిజన్‌ను కొలిచారు. నేల మీది మొక్కల ఆకులకు గాలి పీల్చే సన్నటి రంధ్రాలుంటాయి, వాటిని పత్రరంధ్రాలు అంటాం. 1997లో అలాంటి ఒక్కొక్క రంధ్రానికి కాపలా ఉండే కణంలో జరిగే కిరణజన్య సంయోగక్రియ దాకా వెళ్లారు.

అరటాకు అడుగువైపు పత్రరంధ్రాలు పైవైపు కంటే ఎక్కువగా ఉంటాయి. భోజనానికి కూర్చున్నప్పుడు మనం ఆ వైపు చూడం. తోటలో నిలబడి ఒక ఆకు తిప్పి అడుగున వేలు రాస్తే నున్నటి పొడి అంటుతుంది. ఆ కింద లెక్కలేనన్ని బుల్లి నోళ్లు తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. ఇనుములో గుంటను, ఆకులో ఊపిరిని ఒకే మొన వినగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రెండు చోట్లా జరిగేది ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలే కాబట్టి అది సాధ్యమైంది.

మొనకు అందని మేర

దీనికి హద్దులు లేవనుకోకండి. ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు చోటును 10 మైక్రాన్లకు ఒక చుక్క చొప్పున చూడాలంటే 10,000 చుక్కలు. మొన సెకనుకు 10 మైక్రాన్లు కదిలితే ఒక వరసకు 100 సెకన్లు, వంద వరసలకు సుమారు రెండు గంటల 45 నిమిషాలు. బియ్యపు గింజ మీద పట్టేంత చోటుకు ఇంత సేపు! ఈలోగా తుప్పు ఆగి మన కోసం చూడదు. ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంటే మొన తగిలి విరుగుతుంది. ద్రవం లేనిదే పరికరం పనిచేయదు. అన్నిటికంటే ముఖ్యంగా, దీన్ని భూమిలో పాతిన గొట్టం దగ్గరికి తీసుకెళ్లలేం.

మన దేశంలో తుప్పు మీద పెద్ద ఎత్తున పరిశోధన చేసే కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ తమిళనాడులోని కారైకుడిలో ఉంది. 1953 నుంచి పనిచేస్తోంది. ఆ సంస్థకు మండపం దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పరీక్షా కేంద్రం ఉంది. లోహపు ముక్కలను అక్కడి ఉప్పుగాలికి వదిలి ఏళ్ల తరబడి గమనిస్తారు. నిజమైన గాలి, నిజమైన ఉప్పు అక్కడ పరీక్ష పెడతాయి. ప్రయోగశాలలో మొన చెప్పే కథ నిజమో కాదో తేల్చేది అలాంటి చోట్లే. రెండూ కావాలి.

పాతిన గొట్టాలను పరిశీలించేది వేరే పరికరాలు. గొట్టం లోపల గ్యాస్ ఒత్తిడికే దొర్లుకుంటూ పోయి, గోడ పల్చబడిన చోట్లను అయస్కాంతంతో పసిగట్టే యంత్రాన్ని పంపుతారు. నూనె, గ్యాస్ రంగంలో దాన్ని పిగ్ అంటారు. ఏ మిశ్రమలోహంతో గొట్టం వేయాలి, లోపల ఏ నిరోధకం కలపాలి, పైన ఏ పూత వేయాలి అన్న నిర్ణయాల వెనక మాత్రం చర్యాదర్శిని గీసిన పటాలు ఉండొచ్చు. అవి గొట్టం భూమిలోకి దిగకముందు చేయాల్సిన పనులు.

దిగాక మిగిలేది మనుషుల చూపు. కోనసీమలో కొబ్బరితోటల కింద, వరిచేల కింద, ఇళ్ల పక్కన గ్యాస్ గొట్టాలు సాగుతున్నాయి. అవి వెళ్లే దారిలో హెచ్చరిక రాళ్లు, బోర్డులు పాతి ఉంటాయి, వాటి మీద అత్యవసర ఫోన్ నంబరు రాసి ఉంటుంది. మీ ఊళ్లో అలాంటి బోర్డు ఉంటే ఆ నంబరు ఇవాళే మీ ఫోనులో రాసి పెట్టుకోండి. కాలువ నీటిలో కారణం లేకుండా బుడగలు లేస్తున్నా, పచ్చటి గడ్డి ఒక్క చోటే ఎండిపోతున్నా, గ్యాస్ వాసన తగిలినా, నేలలోంచి ఈల లాంటి చప్పుడు వినిపించినా దగ్గర అగ్గిపుల్ల గీయకండి, మోటారు స్విచ్చి వేయకండి, బండి స్టార్టు చేయకండి. అందరినీ గాలికి ఎదురు దిక్కుగా దూరం పంపి, మీరూ దూరంగా వెళ్లాక ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఎవరో చెప్పి ఉంటారులే అని ఊరుకోకండి, మీరే చెప్పండి.